నాన్నగారికి సీఓపీడీ అన్నారు. యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటే సిగరెట్ చేసే నష్టం ఆగుతుందా?

సతీష్_ఎంవీపీ | జులై 14, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు. గాజువాకలో ఒక వర్క్‌షాపులో లేత్ మెషిన్ మీద 35 ఏళ్లు పనిచేసి మానేశారు. పదిహేడో ఏట బీడీతో మొదలైంది, తర్వాత సిగరెట్, ఇప్పటికీ రోజుకి పదికి తగ్గవు. ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచే మనిషి. ఈసారి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం, హనుమంతవాక వచ్చేసరికి రోడ్డు పక్క అరుగు మీద కూర్చుండిపోయారు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు ఎత్తి ఎత్తి గాలి పీలుస్తున్నారు, నీళ్లు ఇస్తే గుక్కకీ గుక్కకీ మధ్య ఆగి తాగారు. ఆ దృశ్యం నా కళ్లలోంచి పోవట్లేదు.

తర్వాత ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఊదే పరీక్ష చేయించారు. సీఓపీడీ అన్నారు. అంటే వాయునాళాలు ఇరుకై ఊపిరి సరిగా ఆడని దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బట. రిపోర్టులో ఎఫ్ఈవీ1 52 శాతం అని, నిష్పత్తి 0.58 అని ఉంది. పీల్చే మందు రాశారు, సిగరెట్ పూర్తిగా మానాలన్నారు.

ఇక్కడే గొడవ. తెలిసినాయన ఒకరు యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ అని ఒక డబ్బా తెచ్చిచ్చారు, నెలకి 1,850 రూపాయలు. సిగరెట్ వల్ల ఊపిరితిత్తుల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ వస్తుందట, ఇవి దాన్ని కడిగేస్తాయట. నాన్నగారు అది పట్టుకుని "మాత్రలు వేసుకుంటున్నాను కదరా, రోజుకి నాలుగు కాలిస్తే ఏటవుతాది" అంటున్నారు. ఎదురు చెప్పడానికి నాకు విషయం తెలియదు. ఆ ఆక్సిడేటివ్ స్ట్రెస్ అన్న మాట నిజమా, లేక అమ్మకానికి పుట్టిన మాటా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

ఫార్మసీ_రాము | జులై 14, రాత్రి 10:41

మాట నిజమే అన్నా. డబ్బా మాత్రం వెనక్కి ఇచ్చెయ్. మా కౌంటర్‌కి కూడా వారానికి ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతూ వస్తారు, చాలామంది చేతిలో అప్పటికే సిగరెట్ పెట్టె ఉంటుంది. పూర్తిగా వివరించేంత నాకు తెలియదు, పద్మ మేడమ్ చూస్తే చెప్తారు.

---

బయోకెమ్_పద్మ | జులై 14, రాత్రి 11:35

సతీష్, నేను డిగ్రీ పిల్లలకి బయోకెమిస్ట్రీ చెప్తాను. మా తరగతిలో చెప్పినట్టే చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీది విశాఖ ఎంవీపీ కాలనీ కాబట్టి మీ ఇంటి బాల్కనీ గ్రిల్‌తో మొదలుపెడదాం. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో గ్రిల్‌కి రెండేళ్లకోసారి రంగు వేయించకపోతే ఇనుము పొరలు పొరలుగా లేచిపోతుంది కదా. ఇనుములోంచి ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కి పోవడమే తుప్పు. ఆక్సీకరణ అంటే ఇదే. ఒంట్లో కూడా ఇది జరుగుతుంది, కానీ మనం బతికేదే ఆక్సిజన్ మీద కనక, కొంత ఆక్సీకరణ ప్రతి కణంలోనూ రోజూ ఉంటుంది, దాన్ని సర్దుకునే ఏర్పాటు కూడా కణంలోనే ఉంటుంది. దాడి ఎక్కువై, సర్దుకునే శక్తి చాలనప్పుడు ఆ తేడానే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. మనసుకి వచ్చే టెన్షన్‌కీ దీనికీ సంబంధం లేదు, పేరు ఒకటే.

ఇప్పుడు సిగరెట్ సంగతి. ఒక్క దమ్ము పొగలో ఉండే ఫ్రీ రాడికల్స్ లెక్క సుమారు 1 పక్కన 15 సున్నాలు, అంటే పది కోట్ల కోట్లు. ఫ్రీ రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో తిరిగే అణువు. అది కుదురుగా ఉండలేదు, పక్కనున్న కొవ్వు పొర నుంచో, ప్రొటీన్ నుంచో, డీఎన్ఏ నుంచో ఒక ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. లాక్కోగానే అది కుదుటపడుతుంది, పోగొట్టుకున్నది రాడికల్ అవుతుంది. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో ఇది ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా పాకుతుంది.

పొగలో రెండు భాగాలున్నాయి. గాలిలా ఉండే భాగంలోని రాడికల్స్ త్వరగా అయిపోతాయి. తారు భాగం అలా కాదు. అది వాయునాళాల గోడకి అంటుకుని కూర్చుంటుంది, సిగరెట్ ఆర్పేశాక కూడా అందులోని సెమీక్వినోన్లు అనే పదార్థాలు ఆక్సిజన్‌తో కలిసి సూపర్ ఆక్సైడ్‌నీ హైడ్రోజన్ పెరాక్సైడ్‌నీ తయారు చేస్తూనే ఉంటాయి. పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ కణాల్లో (చెత్తనీ క్రిములనీ మింగేసే కాపలా కణాలివి) ఇనుము కూడా ఎక్కువగా పేరుకుంటుంది. ఇనుము, పెరాక్సైడ్ కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది, దీన్ని ఫెంటన్ చర్య అంటారు, 1894 నుంచీ తెలిసిన రసాయనం. హైడ్రాక్సిల్ అన్నిటికన్నా మొండిది. పుట్టిన చోటే, ఎదురుపడినదాన్నల్లా కొట్టేస్తుంది, అది డీఎన్ఏ అయితే అక్షరాలు మారిపోతాయి, క్యాన్సర్ దారి అక్కడ తెరుచుకుంటుంది.

మరి మన రక్షణ ఏది అంటే గ్లూటాథయోన్, మన కణాలే తయారు చేసుకునే యాంటీఆక్సిడెంట్, అంటే ఈ రాడికల్స్‌ని అణిచే పదార్థం. గాలి గదుల లోపలి గోడ మీద పల్చటి తడి పొర ఒకటి ఉంటుంది, ఆ తడిలో గ్లూటాథయోన్ గాఢత రక్తం ప్లాస్మాలో కన్నా వంద రెట్లకు పైన. మన శరీరం అంత జాగ్రత్త పడింది, ఎందుకంటే గాలి నేరుగా తగిలేది అక్కడే. పొగలోని అక్రోలీన్ (బాణలిలో నూనె మాడినప్పుడు కళ్లు మండించేది ఇదే) వెళ్లి ఆ గ్లూటాథయోన్‌ని పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. అంటే పొగ ఒక చేత్తో కొడుతూ ఇంకో చేత్తో డాలు లాగేసుకుంటుంది.

---

సతీష్_ఎంవీపీ | జులై 15, ఉదయం 6:50

మేడమ్, పొద్దున్నే రెండుసార్లు చదివాను. చాలా థాంక్స్. కానీ ఇది చదివాక నాన్నగారి వాదన ఇంకా బలపడినట్టు అనిపిస్తోంది. డాలు పోతోంది అన్నారు కదా, మరి బయటి నుంచి డాలు అందిస్తే తప్పేముంది? మాత్రలో ఉన్నది యాంటీఆక్సిడెంటే కదా? ఈ ప్రశ్న ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

---

చెస్ట్_పీజీ | జులై 15, మధ్యాహ్నం 2:05

సతీష్ గారూ, నేను ఛాతీ విభాగంలో పీజీ చేస్తున్నాను. మీ ప్రశ్న సరైనదే. డాక్టర్లు కూడా ఒకప్పుడు సరిగ్గా ఇలాగే ఆలోచించారు, పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు కూడా.

ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లని తీసుకుని కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరొటిన్ ఇచ్చారు. క్యారెట్‌కి రంగునిచ్చేది, పేరున్న యాంటీఆక్సిడెంట్. 1994లో ఫలితం బయటికొచ్చింది, అది వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. తగ్గడం కాదు, పెరిగింది. అమెరికాలో పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్బెస్టాస్ పనివాళ్లు కలిసి 18,314 మందితో ఇంకో పరీక్ష, అక్కడ బీటా కెరొటిన్‌తో పాటు విటమిన్ ఏ కూడా ఇచ్చారు. క్యాన్సర్ 28 శాతం పెరిగిందని తేలి 1996 జనవరిలో మధ్యలోనే మాత్రలు ఆపించేశారు. పొగ నిండిన ఊపిరితిత్తిలో బీటా కెరొటిన్ తానే ఆక్సీకరణకి గురై ముక్కలై, ఆ ముక్కలే హాని చేస్తాయని ఒక వివరణ ఉంది. మీ డబ్బా మీద పదార్థాల పట్టీ చూడండి. బీటా కెరొటిన్ ఉంటే నాన్నగారి చేత ఈ రోజే ఆపించండి.

ఇక మాత్ర ఎందుకు చాలదు అన్నదానికి అసలు కారణం చెప్తాను. పద్మ మేడమ్ చెప్పింది పొగతో పాటు లోపలికి వచ్చే దాడి. రెండో సగం మన శరీరం లోపలే పుడుతుంది. పొగ తగలగానే ఊపిరితిత్తి పోలీసుల్ని పిలిచినట్టు న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలని పిలుస్తుంది. వాటి ఆయుధమే ఆక్సిడెంట్లు, సూక్ష్మక్రిములని చంపడానికి సూపర్ ఆక్సైడ్, బ్లీచింగ్ లాంటి హైపోక్లోరస్ ఆమ్లం తయారు చేస్తాయి. క్రిమి లేకపోయినా రోజుకి పదిసార్లు పిలిస్తే ఆ ఆయుధాలన్నీ సొంత గోడల మీదే పడతాయి.

అక్కడొక సున్నితమైన చోటు ఉంది. న్యూట్రోఫిల్స్ ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ని వదులుతాయి. గాలి గదులు పీల్చినప్పుడు ఉబ్బి, వదిలినప్పుడు మళ్లీ ముడుచుకునేది ఎలాస్టిన్ అనే రబ్బరు లాంటి దారాల వల్ల. ఎలాస్టేజ్ ఆ దారాలని తెంపుతుంది. తెంపకుండా ఆపే కాపలా ఆల్ఫా 1 యాంటీట్రిప్సిన్, లివర్‌లో తయారై రక్తంలో వస్తుంది. ఆ ప్రొటీన్‌లో 358వ స్థానంలో మెథియోనిన్ ఒకటుంది, ఎలాస్టేజ్‌ని పట్టుకునే కొక్కెం అదే. పొగలోని ఆక్సిడెంట్లు ఆ ఒక్క మెథియోనిన్‌ని ఆక్సీకరించేస్తే చాలు, కొక్కెం జారిపోతుంది. కాపలా మనిషి గుమ్మంలో ఉన్నట్టే ఉంటాడు గానీ చెయ్యి పనిచేయదు. దారాలు తెగిన గాలి గదులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్ద పెద్ద ఖాళీలవుతాయి, దాన్నే ఎంఫిసీమా అంటాం. తెగిన గోడలు మళ్లీ కట్టుకోవు. మీ నాన్నగారు భుజాలెత్తి పీల్చారన్నారే, నిజానికి ఆయన కష్టం పీల్చడంలో కన్నా వదలడంలో ఉంది. పాతగాలి బయటికి పోక లోపలే ఇరుక్కుంటే కొత్తగాలికి చోటుండదు.

ఈ కాపలా ప్రొటీన్ పుట్టుకతోనే తక్కువున్నవాళ్లకి చిన్న వయసులోనే ఎంఫిసీమా వస్తుందని 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే ఇద్దరు గుర్తించారు. ఇంత చిన్న విషయం అంత పెద్ద జబ్బుకి మూలమని అప్పుడే అర్థమైంది.

డ్యూటీకి టైమైంది, మిగతాది రాత్రి రాస్తాను.

---

గోపాలపట్నం_శీను | జులై 15, సాయంత్రం 5:18

డాక్టర్ గారూ, మా తాతయ్య 88 ఏళ్ల వరకూ చుట్ట తాగాడు, ఆయాసం అన్న మాటే ఎరగడు. ఇదంతా అందరికీ వర్తిస్తుందా? నేను వాదనకి అడగట్లేదు, నేనూ రోజుకి ఆరు కాలుస్తాను, భయమేసి అడుగుతున్నాను.

---

చెస్ట్_పీజీ | జులై 15, రాత్రి 9:47

శీను, అడిగినందుకు సంతోషం. పొగతాగే ప్రతివాళ్లకీ సీఓపీడీ రాదు, అది నిజం. జన్యువులు, చిన్నప్పుడు ఊపిరితిత్తులు ఎంత బాగా ఎదిగాయి, ఇంట్లో కట్టెల పొయ్యి పొగ ఉందా, దుమ్ములో పని చేశారా, ఇవన్నీ కలుస్తాయి. కానీ నీకు వస్తుందో రాదో ముందుగా చెప్పే పరీక్ష లేదు. పైగా చుట్ట పొగని చాలామంది నోట్లోనే ఉంచుకుని వదులుతారు, సిగరెట్ పొగని గుండెల దాకా లాగుతారు. తాతయ్యతో నీకు పోలిక వద్దు.

బీడీ గురించి కూడా ఒక మాట. చిన్నగా ఉంటుంది కదా అని తేలిగ్గా తీసుకుంటారు. ఆకులోంచి గాలి దూరదు, ఆరిపోకుండా ఉండాలంటే గబగబా గట్టిగా లాగాలి, అందుకే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగానే లోపలికి పోతాయి.

మధ్యాహ్నం ఆపిన చోటు నుంచి. సతీష్ గారూ, మీ నాన్నగారికి రాసిన మందు వల్ల ఆస్తమా వాళ్లకి తగ్గినంత బాగా తగ్గకపోవచ్చు, అప్పుడు మందు పనిచేయట్లేదని ఆయన మానేయకూడదు, అందుకే చెప్తున్నాను. వాపు పుట్టించే జన్యువులని ఆఫ్ చేసే ఎంజైమ్ ఒకటుంది, హెచ్‌డాక్ 2 అంటారు. స్టెరాయిడ్ మందు పనిచేసేది దీని సాయంతోనే. ఆక్సిడేటివ్ స్ట్రెస్ దీన్ని కూడా దెబ్బతీస్తుంది, సీఓపీడీ ముదిరిన కొద్దీ ఊపిరితిత్తుల్లో ఇది తగ్గుతుందని 2005లో లండన్ పరిశోధకులు చూపించారు. స్విచ్ పాడైపోయాక ఎంత నొక్కినా లైటు ఆరదు. అందుకే సీఓపీడీలో స్టెరాయిడ్ కన్నా నాళాలని తెరిచి ఉంచే మందులే ముందు వరసలో ఉంటాయి.

నీళ్లలో వేస్తే బుస్సుమని పొంగే మాత్ర ఒకటుంది, ఎన్ ఎసిటైల్ సిస్టీన్. శరీరం దాని నుంచి గ్లూటాథయోన్ తయారు చేసుకోగలదు, కఫాన్ని పల్చన చేస్తుంది. కాబట్టి యాంటీఆక్సిడెంట్లలో దీనికే ఎక్కువ న్యాయం ఉంది. యూరప్‌లో 523 మందికి మూడేళ్లు రోజుకి 600 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల శక్తి తరిగే వేగం మారలేదు, 2005లో వచ్చిన ఫలితం. చైనాలో 1,006 మందికి రోజుకి రెండుసార్లు 600 చొప్పున ఏడాది ఇస్తే మాత్రం జబ్బు ఉన్నట్టుండి తిరగబెట్టడం తగ్గింది, అది 2014లో. అంటే కొందరికి కొంత మేలు, అది కూడా డాక్టర్ చూసి రాస్తే. సిగరెట్‌కి విరుగుడు మాత్రం కాదు.

---

జాలరిపేట_పిల్ల | జులై 16, ఉదయం 11:12

మా నాయనమ్మ గుర్తొచ్చి రాస్తున్నాను. పెదజాలరిపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. బయటివాళ్లు నమ్మరు గానీ మా పక్క ముసలమ్మలకి అది మామూలే. తడి చేతులతో చేపలు సర్దుతూ, సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా అలా పట్టేవాళ్లమని చెప్పేది. మాట్లాడుతూనే బూడిద నాలుకతో బయటికి తోసేది. చివరికి అంగిట్లో పుండు లేచింది, మానలేదు. ఆమె పోయేనాటికి నేను తొమ్మిదో తరగతి.

నా ప్రశ్న ఇది. మా అమ్మ ఏనాడూ పొగ ముట్టలేదు. అయినా నాయనమ్మ పక్కనే పడుకుని పెరిగింది, పెళ్లయ్యాక ఇరవై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదింది. ఇప్పుడు 55, రెండు బిందెలు మోస్తే ఆయాసం, రాత్రిళ్లు పిల్లికూతలు. వయసు అనుకోమంటారా?

---

చెస్ట్_పీజీ | జులై 16, రాత్రి 10:30

వయసు అనుకోవద్దు అమ్మా. అమ్మని తీసుకెళ్లి ఊదే పరీక్ష చేయించండి. మన దేశంలో ఒక్క సిగరెట్ కూడా కాల్చకుండా సీఓపీడీ తెచ్చుకున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. కట్టెల పొగ, పిడకల పొగ కూడా ఊపిరితిత్తుల్లో ఇదే ఆక్సీకరణ దెబ్బ కొడతాయి. పరీక్షలో ఆస్తమా అని తేలితే ఇంకా మంచిది, దానికి మందు బాగా పనిచేస్తుంది.

అడ్డపొగ గురించి మన విశాఖ, శ్రీకాకుళం తీరంలో డాక్టర్లు దశాబ్దాల క్రితమే పరిశోధనలు చేశారు. అంగిలి క్యాన్సర్ ప్రపంచంలో ఎక్కడైనా అరుదు, ఇక్కడ ఎక్కువ, కారణం నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిటికి తగలడం. మీ ఇంట్లోగానీ వీధిలోగానీ ఇప్పటికీ ఎవరైనా తాగుతుంటే అంగిలి ఒకసారి చూపించుకోమనండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మానని పుండు ఏది కనపడినా ఆలస్యం చేయొద్దు.

---

ఉక్కునగరం_మావయ్య | జులై 17, ఉదయం 5:40

సతీషూ, డాక్టరు చెప్పాల్సింది డాక్టరు చెప్పాడు. మానేసినవాడిగా నేను చెప్పాల్సింది చెప్తాను. నేను 31 ఏళ్లు కాల్చాను. నైట్ షిఫ్ట్ దిగి గేటు బయట టీ కొట్టు దగ్గర గ్లాసు ఒక చేత, సిగరెట్ ఒక చేత, తెల్లారేది. 2011 కార్తీక మాసంలో ఆపాను, మళ్లీ ముట్టలేదు.

మీ నాన్నకి ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. మానేసిన మొదటి వారాల్లో దగ్గు పెరిగింది నాకు. నల్లటి గళ్ల పడేది పొద్దున్నే. "చూశావా, కాల్చినప్పుడే బావుంది" అనిపించింది. తర్వాత డాక్టరమ్మ చెప్పింది, వాయునాళాల్లో చీపురు పుల్లల్లా ఉండే సన్నని వెంట్రుకలు ఇన్నాళ్లూ పొగకి మొద్దుబారి ఉన్నాయి, ఇప్పుడు లేచి ఊడుస్తున్నాయి అని. అది తెలియక ఎంతమంది ఆ మూడో వారంలో మళ్లీ మొదలెట్టారో. ముందే చెప్పి ఉంచు.

నికోటిన్ గమ్ మీద పడ్డాను నేను. దాన్ని బబుల్‌గమ్ నమిలినట్టు నమిలితే ఎక్కిళ్లు, గుండెల్లో మంట. నెమ్మదిగా పది పదిహేను సార్లు కొరకాలి, మిరియం నమిలినట్టు ఘాటు తగలగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఉంచాలి. ఘాటు పోయాక మళ్లీ కొరకాలి. అలా అరగంట. కాఫీ తాగిన వెంటనే పెట్టుకుంటే పనిచేయదు, నోరు పుల్లబడి మందు లోపలికి ఎక్కదు. ఇది తెలియక మొదటి నాలుగు రోజులు నేను ఊరికే నమిలాను.

పొగ మానడానికి సాయం చేసే నంబర్ సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది, 1800 11 2356, డబ్బు పడదు. ఫోన్ చేయడానికి సిగ్గుపడొద్దని చెప్పు. నేను మానేసిన రోజుల్లో ఆ నంబరు లేదు, ఉంటే గుండె పీకినప్పుడు ఇంట్లోవాళ్ల మీద అరవడం తగ్గేదేమో.

నాలుగు కాలుస్తానంటే ఒప్పుకోకు. నేను నాలుగుకి దించి రెండేళ్లు అక్కడే ఆగిపోయాను, ఆ నాలుగింటినీ రెట్టింపు గట్టిగా లాగేవాణ్ని.

---

ఊదుడు_గది | జులై 17, మధ్యాహ్నం 1:25

నేను స్పైరోమెట్రీ టెక్నీషియన్‌ని. 52 శాతం అంటే ఏంటో చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. ముక్కుకి క్లిప్ పెట్టి, గొట్టం నోట్లో బిగించి, గుండెల నిండా పీల్చి ఒక్కసారిగా ఊదమంటాం. "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఇంకా" అని మేం అరుస్తుంటే విసుక్కుంటారు పెద్దవాళ్లు. మొదటి ఒక్క సెకనులో ఎంత గాలి వచ్చిందన్నది ఎఫ్ఈవీ1. అదే వయసు, అదే ఎత్తున్న ఆరోగ్యవంతుడు ఊదేదానిలో మీ నాన్నగారు సగం పైచిలుకు ఊదారు. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకను వాటా 0.70 కన్నా తక్కువైతే, నాళాలు తెరిచే మందు ఇచ్చాక కూడా అలాగే ఉంటే, సీఓపీడీ అంటారు. ఆయనది 0.58.

ఇంకో సంగతి. పీల్చే మందు తప్పుగా పీల్చేవాళ్లని నేను రోజూ చూస్తాను. స్ప్రే లాంటిదైతే నెమ్మదిగా లోతుగా పీల్చాలి, పొడి మందు క్యాప్సూల్ అయితే గట్టిగా వేగంగా పీల్చాలి. ఏదైనా సరే తర్వాత పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. స్టెరాయిడ్ కలిసిన మందైతే నోరు పుక్కిలించి ఉమ్మాలి. ఒకసారి నర్స్ ముందో డాక్టర్ ముందో ఆయన చేత పీల్పించి చూపించండి.

---

గోపాలపట్నం_శీను | జులై 17, రాత్రి 8:02

వేప్‌కి, అంటే ఈ సిగరెట్‌కి మారితే? పొగ ఉండదు కదా.

---

బయోకెమ్_పద్మ | జులై 17, రాత్రి 9:15

వద్దు శీను. మన దేశంలో వాటి అమ్మకం 2019 నుంచే నిషేధం. అది కాక, ఆ ఆవిరిలో కూడా ఆల్డిహైడ్లు, తీగ నుంచి వచ్చే లోహాలు, ఆక్సిడెంట్లు ఉంటాయి. ఆరు నుంచి సున్నాకి రావడం నీకు నాన్నగారంత కష్టం కాదు, ఇప్పుడే ఆపెయ్.

సతీష్, పండ్లు కూరగాయలు మాత్రం నిక్షేపంగా పెట్టండి. జామకాయ, ఉసిరి, బొప్పాయి, ములగాకు, మన ఇళ్లలో ఉన్నవే. క్యారెట్ తింటే ప్రమాదమా అని ఎవరూ భయపడకండి, ఆ పరీక్షల్లో తేలింది మాత్రల్లోని మోతాదు గురించి.

---

సతీష్_ఎంవీపీ | జులై 20, రాత్రి 9:50

అందరికీ ఏమని చెప్పాలో తెలియట్లేదు. మీరు రాసినవన్నీ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్నగారికి చదివి వినిపించాను. ఫిన్లాండ్ సంగతి విని లేచి కళ్లజోడు తెచ్చుకుని డబ్బా తిప్పి చూశారు. పట్టీలో నాలుగో పేరు బీటా కెరొటిన్.

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పద్మ మేడమ్ చెప్పిన గ్రిల్ మాట మళ్లీ చదవమన్నారు. చదివాక, "తుప్పు ఎమెరీ పెట్టి గీకకుండా రెడ్ ఆక్సైడ్ కొడితే పైకి నున్నగా ఉంటాది, లోపల తింటానే ఉంటాది. నా కింద పనిచేసే గుంటల్ని ఎన్నిసార్లు తిట్టానో దీనికే" అన్నారు. డబ్బా తీసి నా చేతిలో పెట్టేశారు. ఆయన నోట ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు.

కానీ సాయంత్రం ఒక ప్రశ్న వేశారు, దానికి జవాబు కావాలి. "సగం పోయింది కదా, ఇప్పుడు మానేస్తే మాత్రం ఏం తిరిగొస్తుంది?"

---

చెస్ట్_పీజీ | జులై 21, ఉదయం 7:10

ఆయనతో అబద్ధం చెప్పొద్దు సతీష్ గారూ. పోయిన గోడలు తిరిగి రావు. మానేశాక కూడా ఊపిరితిత్తుల్లో వాపు కొంత అలాగే కొనసాగుతుంది, ఎందుకంటే ఆయుధాలు పట్టుకున్న ఆ కణాలు వెంటనే ఇంటికి వెళ్లిపోవు. కానీ మిగిలిన సగం ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఇప్పుడే తేలుతుంది.

అమెరికా, కెనడాల్లో దాదాపు ఆరు వేల మంది పొగతాగేవాళ్లని 11 ఏళ్లు గమనించారు. అందరూ సీఓపీడీ తొలి దశలో ఉన్నవాళ్లే. కాలుస్తూనే ఉన్న మగవాళ్లకి ఎఫ్ఈవీ1 ఏడాదికి సుమారు 66 మిల్లీలీటర్లు తరిగింది. మొదట్లోనే మానేసి మళ్లీ ముట్టనివాళ్లకి సుమారు 30. వయసుతో ఎవరికైనా తరిగేది దాదాపు అంతే. పదేళ్లకి తేడా 360 మిల్లీలీటర్లు. ఆయనలాంటి మనిషికి అది మెట్లెక్కడానికీ మంచం మీద ఉండిపోవడానికీ మధ్య దూరం కావచ్చు. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ అయితే ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుంది, ఆ తేడా ఆయనకే తెలుస్తుంది.

ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి మీ డాక్టర్‌ని అడగండి. రోజూ నడక ఆపొద్దు, ఆయాసం వస్తే ఆగి మళ్లీ నడవాలి, కాళ్ల కండ తగ్గితే ఆయాసం ఇంకా పెరుగుతుంది. పెదాలు ఈల వేసినట్టు గుండ్రంగా పెట్టి నెమ్మదిగా గాలి వదలడం నేర్పించండి, ఇరుక్కున్న పాతగాలి బయటికి పోతుంది.

---

జాలరిపేట_పిల్ల | ఆగస్టు 2, సాయంత్రం 6:33

అమ్మకి పరీక్ష అయింది. ఆస్తమా అన్నారు. మందు మొదలుపెట్టి వారం, రాత్రి నిద్రపోతోంది. అందరికీ దండాలు.

---

సతీష్_ఎంవీపీ | ఆగస్టు 11, రాత్రి 8:15

మీ అమ్మగారి సంగతి చదివి ఇంట్లో అందరం సంతోషించాం చెల్లెమ్మా.

నాన్నగారు మానేసి ఇవాళ్టికి 19 రోజులు. మావయ్య గారు చెప్పినట్టే దగ్గు పెరిగింది, గళ్ల పడుతోంది, ముందే తెలుసు కాబట్టి కంగారు పడలేదు. రెండుసార్లు ఆ నంబర్‌కి ఆయనే ఫోన్ చేశారు, తలుపు వేసుకుని మాట్లాడారు. పొద్దున్న అప్పూఘర్ దాకా నడిచి, బెంచీ మీద కాసేపు కూర్చుని, మళ్లీ నడిచి వస్తున్నారు. అక్టోబర్‌లో మళ్లీ ఊదే పరీక్షకి రమ్మన్నారు.

మావయ్య గారూ, ఆయన మిమ్మల్ని ఒకటి అడగమన్నారు. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ లేకుండా ఆయన ఉండలేరు. కాఫీ తాగాక గమ్‌కి ఎంతసేపు ఆగాలి?

---

ఉక్కునగరం_మావయ్య | ఆగస్టు 12, ఉదయం 5:35

పదిహేను నిమిషాలు. నీళ్లు పోసుకుని నోరు కడుక్కుని, పేపర్ తిరగేసి, అప్పుడు పెట్టుకోమను. ఆదివారం నేను ఎంవీపీ రైతు బజారుకి వస్తాను, ఆరింటికల్లా అక్కడుంటాను. ఆయన్ని రమ్మను, బీచ్ దాకా ఇద్దరం కలిసి నడుస్తాం.